ముసుగు కింద కాళ్లు

పొద్దున్నే నల్గొండ బస్టాండులో మహబూబ్‌నగర్ బస్సెక్కాం, నేనూ మా మేనత్త రాజమ్మా. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అత్తది సున్నా టికెట్టు. నా జేబుకు మాత్రం చిల్లు.

"మగ పుట్టుక పుట్టినవు, కట్టుకో అల్లుడా" అని అత్త ఒకటే నవ్వు.

ప్రయాణం ఎందుకంటే, మా మామ సిమెంటు బొమ్మలు చేసేవాడు. చౌరస్తాల్లో చెయ్యెత్తి నిలబడే నాయకులూ గుర్రమెక్కిన వీరులూ ఎందరో ఆయన చేతుల్లో రూపు దిద్దుకున్నవాళ్లే. చివరగా కొత్తకోట దగ్గర ఒక ఊళ్లో మకాం వేసి, బతుకమ్మను నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ చేశాడు. "గీ బొమ్మల నీ రూపే పెట్టిన. ఆవిష్కరణనాడు తీస్కపోయి సూపిస్త" అని అత్తకు ఫోన్లో చెప్పాడట. ఆ ముచ్చట తీరకుండానే పోయినేడు గుండెపోటుతో పోయాడు. అప్పటినుంచి అత్తకు ఒకటే యావ. మామ నిజంగా తనను పెట్టాడా, ఉత్తగనే కోతలు కోశాడా?

దేవరకొండలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లనీళ్లగా ఉంది, ఇడ్లీ మాత్రం మెత్తన. అక్కడినుంచి దారిపొడుగునా అత్తది ఒకటే పని. చౌరస్తా వస్తే చాలు, కిటికీలోంచి తల బయటపెట్టి తీర్పు చెప్పడం.

"గా సారు మెడ సూడు, ఎంత కురుచనో! మీ మామైతే గిట్ల చెయ్యడు."

బొమ్మలు చూడ్డానికి పోతున్నామని తెలిసి పక్క సీటు రైతు ఆశ్చర్యపోయాడు. "బొమ్మలు సూడనీకె గింత దూరమా? మా ఊరికి రాండ్రి. మనుషులకన్నా బొమ్మలే ఎక్కువున్నయి."

మహబూబ్‌నగర్‌లో దిగి జొన్నరొట్టె, పచ్చిపులుసుతో భోజనం కానిచ్చాం. అక్కడినుంచి కొత్తకోటకు ఇంకో బస్సు, ఆపైన ఆటో. "బొమ్మ కాడనే గద?" అంటూ ఆటోవాలా మేం చెప్పకముందే తీసుకెళ్లి దింపాడు.

దిగి చూద్దును గదా, బొమ్మకు నెత్తినుంచి పచ్చగుడ్డ కప్పి తాడుతో బిగించి ఉంది! నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం నడుం విరగ్గొట్టుకుని వచ్చింది గుడ్డమూటను చూడ్డానికా?

"ఆవిష్కరణ కాలేదు సారూ" అంది ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఆమె. "పెద్దసారుకు తీరిక దొరకాలె గద. ముఖం కనపడకపాయె, మేమైతే అప్పటిదాక కాళ్లకే మొక్కుతున్నం."

నిజమే. గుడ్డ చాలక పాదాలు బయటే ఉన్నాయి. వాటికి పసుపు రాసి, బంతిపూలు పెట్టారు.

మేమెవరిమో చెప్పాను. "ఇంటాయన చేసిన బొమ్మనా? అట్లయితే గుడ్డ ఎత్తి సూడక్కా, ఎవరు ఏమంటరు" అందామె అత్తతో.

అత్త ఎత్తలేదు. పాదాల ముందు గొంతుక్కూర్చుంది. కుడికాలి చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. అత్త తన చెప్పు విడిచి, తన కుడికాలు దాని పక్కన పెట్టింది. అదే వంకర, అదే వేలు.

"అరె, దొంగ మనిషీ!" అంది. నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "పెండ్లయిన కొత్తల గీ ఏలు సూసి నవ్విండని, మూడు దినాలు నేను మాట్లాడకపోతి. గిప్పుడు ఊరందరితోని మొక్కిస్తున్నడు!"

"మరి ముఖం చూడవా అత్తా?"

"ముఖం ఎవరిదన్న కలుస్తది అల్లుడా. గీ ఏలు ఇంకెవరికున్నది?"

చాయ్ హోటలామె బంతిపువ్వొకటి తెచ్చి అత్త కాలిమీద పెట్టబోయింది. అత్త సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ముసుగు తీశారో లేదో అడగనక్కర్లేదు, బయల్దేరండి. ముసుగున్నా చూడదగ్గ బొమ్మే. అక్కడ అల్లం చాయ్ కూడా బాగుంటుంది.

తిరుగు బస్సు కిక్కిరిసిపోయింది. జడ్చర్ల దగ్గర ఎక్కిన కుర్రాడెవరో తోపులాటలో అత్త కాలు తొక్కాడు. అత్త అంతెత్తున లేచింది.

"జర సూస్కోని నడువు బిడ్డా! ఒక ఊరు ఊరంత మొక్కుతున్న కాళ్లివి."