ఖాజాగూడ చెరువులో బొచ్చెల చప్పుడు

పంతొమ్మిది వందల డెబ్బైల్లో నేను చేపల మీద పరిశోధన చేసేదాన్ని. వానాకాలంలో చెరువు నిండి అలుగు పారినప్పుడు అందులో పెంచిన చేపలు కొట్టుకుపోతాయా, నిలుస్తాయా అన్నది నేను తేల్చవలసిన సంగతి. ఖాజాగూడ చెరువును ఎంచుకున్నాను. గచ్చిబౌలిలో బస్సు దిగి, బండరాళ్ల మధ్య, సీతాఫలం పొదల పక్కగా నడిచి వెళ్లేదాన్ని.

నాతో పనిచేసిన ఇంజనీరు హైదరాబాదు వాడు. చేప కడుపులో పట్టేంత చిన్న గొట్టంలో బ్యాటరీ అమర్చి మైనంతో మూశాడు. అది ఆగి ఆగి చప్పుడు చేస్తుంది, మన చెవికి అందనంత సన్నగా. దాన్ని నీళ్లలో పట్టే మైకులూ, పట్టిన చప్పుడును టక్‌టక్‌మని మనకు వినిపించే పెట్టె కూడా ఆయనే చేశాడు. మైకుల్లో ఆముదం నింపి రబ్బరు తొడుగు వేశాడు. నీరు దిగుతుందేమోనని మా ఇంట్లో గంగాళంలో ముంచి చూశాం. కాకినాడ నుంచి వచ్చి నా దగ్గర ఉంటున్న అమ్మ ఆ ఆముదం సీసా చూసి, "తలకు రాసుకోవే అంటే వినవు గానీ, దీనికైతే పోస్తావు" అంది.

ఆ చెరువులో బొచ్చె చేప పిల్లలను వదిలి పెంచుతున్నది ఊళ్లోని బెస్తవాళ్లు. వాళ్లలో చేపలమ్మే ఒకావిడ మా సామాను చూసి దగ్గరికొచ్చింది.

"ఇవి నీళ్లల్ల ఏస్తే మా చేపలు బెదరయా బిడ్డా?"

"బెదరవక్కా. ఇవి వినడానికే. ఏమీ మాట్లాడవు."

ఆవిడ నవ్వి, భర్తను తెప్పతో పంపింది. ఆయనా ఇంజనీరూ కలిసి వెదుళ్లు బురదలో దిగ్గొట్టారు. మైకు బురదకు తగలకుండా కాస్త పైన కట్టి, తీగను కట్ట మీదికి లాగాం. ఒకటి అలుగు దగ్గర, ఒకటి కట్ట వారన నీళ్లలో. మర్నాటికే ఒక బర్రె కాళ్లకు తీగ చుట్టుకుని ఒక మైకు వెదురుతో సహా ఊడిపోయింది. మళ్లీ కట్టి, ఒడ్డున తీగ మీద రాళ్లు పేర్చాం. తర్వాత కొన్ని పెద్ద బొచ్చెల కడుపులో గొట్టాలు పెట్టి కుట్లు వేసి వదిలాం. కొన్నాళ్లు బాగానే వినిపించాయి.

అంతలో వానలు ముంచెత్తాయి. అలుగు పారింది. దిగువ వాగులో జనం చీరలు అడ్డం పెట్టి చేపలు పట్టారు. నేను వెళ్లి పెట్టెకున్న హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంటే గరగర తప్ప ఏమీ లేదు, రెండు చోట్లా.

"ఇగ ఏమున్నయ్, అన్నీ పోయినయ్," అన్నాడు చేపలమ్మే అక్క భర్త. "రేపటి సంది రాళ్లు కొట్టే పనికి పోత."

అక్క తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఆవిడ మొహం చూడలేక నేను చెరువు వైపు తిరిగాను. అవతలి ఒడ్డు దగ్గర ఒక పెద్ద రాతి గుండు నీళ్లలోకి చొచ్చుకుని ఉంది. నీళ్లలో చప్పుడు రాయిని దాటి రాదు. గుండు వెనక చేపలుంటే మాకు వినిపించేదెలా?

ఇంజనీరుతో అంటే, "జర చూద్దాం, పోయేదేముంది" అని అలుగు దగ్గరి మైకు విప్పాడు. అక్క భర్తే తెప్ప వేశాడు. ముగ్గురం గుండు వెనక్కి వెళ్లి మైకు దింపాం.

టక్. టక్. టక్.

తర్వాత దాని వెనకే ఇంకొకటి, కొంచెం వేగంగా. నేను వెంటనే హెడ్‌ఫోన్లు తీసి అక్క భర్తకు తగిలించాను. ఆయన కళ్లు పెద్దవి చేసి, ఒడ్డు వైపు చెయ్యెత్తి అరిచాడు. "ఉన్నయే! ఈడనే ఉన్నయ్!"

తెప్ప ఒడ్డుకు రాగానే అక్క మోకాలి లోతు దాకా ఎదురొచ్చింది. తనూ వినాలంది. ఆవిడను ఎక్కించుకుని మళ్లీ వెళ్లాం. చాలాసేపు వింది.

"ఇది ఒక్కటేనా, ఎన్నో ఉన్నయా?"

"గొట్టం పెట్టినవే మనకు వినిపిస్తాయక్కా. అవి నిలిచాయంటే వాటితో మిగతావీ నిలిచి ఉంటాయి."

ఆయన రాళ్లు కొట్టే పనికి పోలేదు. వరద తీశాక వల వేస్తే, అన్నీ కాకపోయినా, బుట్టలకు బుట్టలు బొచ్చెలు పడ్డాయి. ఎండలు ముదిరేసరికి, వచ్చే వానల్లో చేపలు పోకుండా ఊరివాళ్లే అలుగుకు అడ్డంగా వెదురు తడికలు కట్టడం మొదలుపెట్టారు. మైకు ఎక్కడ దింపాలో నన్ను అడిగారు. గుండు వెనక చోటు చూపించాను. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని వెదురు పట్టుకుంది, ఆయన సమ్మెట ఎత్తాడు.