వంశవృక్షంలో లేని బిడ్డ

వంశవృక్షాలు రాసిపెట్టే లాజరస్‌కు మనుషుల మాట మీద నమ్మకం లేదు. అల్లూరు చుట్టుపక్కల నేలలన్నీ రొయ్యల గుంటలైనప్పటి నుంచి ఎవరెవరో వాటా కోసం తాతల పేర్లు పట్టుకుని ఆయన దగ్గరికి వస్తున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని వెలుతురుకెత్తి చూసి, అందరినీ ఒకటే అడుగుతాడు: "చిన్నప్పుడే పోయిన బిడ్డలెవరూ లేరా?" దొంగ వంశవృక్షాల్లో వారసులే ఉంటారు, పసిబిడ్డలు చావరని ఆయన అనుభవం. భర్త నేలలో హక్కు కోసం ముసలి నవోమమ్మ తెచ్చిన జాబితాలోనూ ఎవరూ చావలేదు. ఆయన కాగితం వెనక్కి నెట్టేశాడు. ఆమె దాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపింది.

"ఒక ఆడబిడ్డ అయ్యా. మూడు దినాలే బతికింది. పేరు కూడా పెట్టలా. నలభై ఏండ్లాయె."

"యాడ పూడ్చినారమ్మా?"

"చర్చి వెనకాల. చుట్టూ గవ్వలు గుచ్చినాం."

తన ప్రశ్న ఊరంతటికీ తెలిసిపోయి, ఈమె కథ అల్లుకొచ్చిందనుకున్నాడు లాజరస్. మర్నాడు తానే చర్చి వెనకాల ఆ సమాధి దగ్గరికి వెళ్లి, వంగి, ఒక గవ్వను లాగాడు. కొత్తగా గుచ్చిందైతే ఇట్టే రావాలి. రాలేదు. గట్టిగా లాగితే, దాని కడుపులోంచి పెరిగిన గరిక వేళ్లతో సహా ఊడివచ్చింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, దాన్ని మళ్లీ అదే గుంటలో పెట్టి, బొటనవేలితో మట్టి అదిమాడు.