అన్న చేసిచ్చిన ఇనుప ఉంగరం

ప్రొద్దుటూరులో తుపాకులు బాగుచేసే అన్న పోయాడని గాజులమ్మే మనిషి చెప్పింది. శుక్రవారం నమాజుకు కాళ్లుచేతులు కడుక్కుంటూ అట్లే పక్కకు ఒరిగిపోయాడట. ఆమె నా చేతికి గాజులు ఎక్కిస్తూ, ఏవో వేరే మాటల మధ్య ఈ మాట వేసింది. నేను చెయ్యి వెనక్కు లాక్కున్నాను. రెండు గాజులు పగిలాయి.

"నీకు తెలిసినోడేనా? తాళాలు బాగుజేసే సాయిబే గదమ్మా," అంది.

"తుపాకులు బాగుజేసే సాయిబు," అన్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఏ మాటా తీసెయ్యొద్దని, ఏ మాటా మెత్తగా చెయ్యొద్దని ఆమెకు ముందే చెప్పాను. ఆ అన్న చేతి పని చెడ్డదై మా తుపాకి పగిలిందని, మా ఆయన వేళ్లు పోయాయని పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా పదేళ్లుగా నమ్ముతున్న వాళ్లంతా ఇది చదవాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి. ఆ మాట అబద్ధం.

ఆయన అంగడి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందులో ఉండేది. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు వాకిట్లో ఉండాల్సిందే. చెనక్కాయ చేలల్లో పడే అడవిపందులను తోలడానికి మా ఆయన లైసెన్సు తీసుకుని ఒక తుపాకి తెచ్చుకున్నాడు. ఒకే గొట్టం, పన్నెండో నంబరుది. అది చెడినా, తుప్పు పట్టినా ఆ అన్న దగ్గరికే పోయేది. నేనూ వెంట పోయి గడప మీద కూర్చునేదాన్ని. కిరసనాయిలు వాసన, కొయ్యపొట్టు వాసన కలిసి వచ్చేవి.

తుపాకి చేతికి రాగానే అన్న చేసే పని ఒకటే. దాన్ని మధ్యలో ఉండే మడత దగ్గర విరిచి తెరిచి, గొట్టాన్ని వాకిలి వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. తెచ్చినవాడు ఎంత నమ్మకస్తుడైనా సరే, ఇప్పుడే తుడిచి తెచ్చామని చెప్పినా సరే. "ఆకాశం గుండ్రంగా కనపడల్లమ్మా. కనపడలేదంటే లోపల ఏదో ఉండాదని లెక్క," అనేవాడు. ఆ తర్వాతే టీ. సాసర్లో పోసుకుని, ఊదకుండా, అది చల్లారిందాకా కూర్చునేవాడు. ఆయన తొందరపడటం నేను ఎన్నడూ చూడలేదు.

మా ఇంట్లో పిల్లలు ఎక్కువ. అందుకని తూటాలను ధాన్యం గదిలో పెట్టెలో వేసి తాళంచెవి నా నడుముకు కట్టుకునేదాన్ని. అది తెలిసి ఒకసారి అన్న నన్నే అడిగాడు, తూటా మీద అంకె చదవగలవా అని. చదవలేనన్నాను. అప్పుడు రెండు తూటాలు నా ముందు పెట్టాడు. రెండూ ఎర్ర కాగితం చుట్టినవే, రెండింటికీ అడుగున ఇత్తడే. ఒకటి పన్నెండో నంబరు, ఇంకొకటి ఇరవయ్యో నంబరు. పక్కపక్కన పెడితే ఒకటి సన్నమని తెలుస్తుంది. విడిగా చూస్తే తెలియదు.

"అంకె పెద్దదయ్యే కొద్దీ తూటా సన్నమమ్మా. ఇది తెలియక శానామంది చదువుకున్నోల్లే చెయ్యి పోగొట్టుకుంటాండారు," అన్నాడు.

సన్న తూటాను లావు తుపాకిలో పెడితే అది ఉండాల్సిన చోట నిలవదట. కొంచెం ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. మీట నొక్కితే పేలదు. విరిచి చూస్తే తూటా కనపడదు. పెట్టడం మరిచానేమో అనుకుని మనిషి ఇంకొకటి పెడతాడు. అది సరైన తూటానే, పేలుతుంది. ముందున్నది దానికి అడ్డం. రెండూ కలిసి గొట్టాన్నే చీలుస్తాయి. చీలే చోటు ఏదో చూపించడానికి అన్న తన ఎడమ చేతిని బల్ల మీద పరిచాడు. తుపాకిని కింద నుంచి పట్టుకునేది ఆ చెయ్యే.

మళ్లీ పోయేసరికి నాకోసం ఒక ఇనుప ఉంగరం చేసి పెట్టాడు. వేలికి పెట్టుకునేది కాదు, తూటా కొలిచేది. "దీంట్లో నుంచి తూటా కిందికి పడిపోతే మీ తుపాకికి వద్దు. నిలబడితే పెట్టెలో పెట్టు. ఇదే నీ బడి," అన్నాడు. దాన్ని తాళంచెవితో కలిపి కట్టుకున్నాను. ఆ నాటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతి తూటానూ ఉంగరంలో పెట్టి చూసేదాన్ని. "కలెక్టరమ్మ తనిఖీ చేస్తాంది, అందరూ లేచి నిలబడండి," అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. చేసినా, నేను చూసిన తూటాలే వాడేవాడు.

మనకు వేరే రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం అది. చెనక్కాయ పీకే రోజులు. తుపాకి మీటకు కొత్త స్ప్రింగు వేయించుకుని అన్న దగ్గర నుంచి తెచ్చి పది రోజులు కాలేదు. మా మరిది జమ్మలమడుగులో వాళ్ల మామగారి ఇంటికి పోయి గుడ్డసంచిలో తూటాలు తెచ్చాడు. ఇంటినిండా చుట్టాలు. నేను ఉంగరం తీసి సంచిలో చెయ్యి పెట్టాను. మరిది అందరి ముందూ నవ్వాడు.

"ఏంది వదినా, పన్నెండు కంటే ఇరవై పెద్దదని చెప్పేకి కూడా నీ ఇనుపముక్క కావల్నా? ఇయ్యి ఇంగా గట్టివి. చదువుకున్నోల్లం మేముండాములే."

చుట్టాలు కూడా నవ్వారు. మా ఊళ్లో నా నోటికి జంకని మగవాడు లేడు. ఆ రోజు ఆ నోరు యాడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గుపడి ఉంగరాన్ని కొంగులో దాచుకున్నాను. సంచిలోవి పెట్టెలోవాటితో కలిపేశాను. మరిది కలపలేదు. నా చేత్తో నేనే కలిపాను. ఇది కూడా రాయమన్నాను.

మరునాడు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, పందులు చేలో పడ్డాయి. మా ఆయన మీట నొక్కితే టక్కుమంది, పేలలేదు. విరిచి చూశాడు, తూటా లేదు. గొట్టమెత్తి ఆకాశం చూడలేదు. ఇంకొకటి పెట్టాడు. నేను కళ్లంలో ఉన్నాను. ఆ చప్పుడు తుపాకి చప్పుడు కాదని వినగానే తెలిసింది. పరుగెత్తి పోయేసరికి ఆయన మట్టిలో కూర్చుని, చెయ్యి ఎవరిదో అన్నట్టు దానివైపు చూస్తున్నాడు. మూడు వేళ్లు లేవు.

ఆయన ఆసుపత్రిలో ఉండగానే మరిది పోలీసులకు చెప్పేశాడు, సాయిబు గొట్టాన్ని పాడుచేసి ఇచ్చాడని. పది రోజుల కింద బాగుచేసిన తుపాకి గనక అందరూ నమ్మారు. మా మగవాళ్లు ప్రొద్దుటూరు పోయి, సందులో నిలబడి తిట్టి, ఆయన బల్ల తిరగేసి వచ్చారు. చీలిన గొట్టాన్ని ఒక్కసారి చేతికివ్వండప్పా అని తప్ప ఆయన ఇంకేమీ అడగలేదట. ఎవరూ ఇవ్వలేదు.

నాకు చేలో రాలుకాయ ఏరుతుంటే మట్టిలో ఇత్తడి బిళ్ల దొరికింది. తూటా అడుగుభాగం, ఒక పక్క నలిగి ఉంది. నడుము దగ్గరి ఉంగరంలో వేశాను. పడిపోయింది. మళ్లీ వేశాను. ఎన్నిసార్లు వేసినా పడిపోయింది.

నెల రోజులు దాన్ని కొంగున కట్టుకుని తిరిగాను. చెబితే అన్నదమ్ములు విడిపోతారు. చెబితే నా చెయ్యీ బయటపడుతుంది. ఆఖరికి ప్రొద్దుటూరు బస్సెక్కాను. అన్న నన్ను కూర్చోమనలేదు. బిళ్లను వెలుతురుకు పెట్టి అడుగున అంకె చదివాడు.

"ఇది ఎప్పుడు దొరికింది?"

"నెలయిందన్నా."

"నెల," అన్నాడు. "తుపాకులు బాగుజేసే నా లైసెన్సు సర్కారోల్లు తీసేసింది పోయిన వారమేనమ్మా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ నాలుగు మాటలని బయటపడేదాన్ని. బిళ్లను తిరిగి నా చేతిలోనే పెట్టాడు. "నేను చెప్తే తప్పించుకునేకి చెప్తాండాడంటారు. నువ్వు చెప్పల్ల. చెప్పే దినం ఎత్తుకొని రా, ఇద్దరం పోదాం."

ఆ దినం నేను తేలేదు. ప్రొద్దుటూరు పోయినప్పుడల్లా ఆ సందులోకి పోయేదాన్ని. తుపాకులు ఆనించే గోడకు పెట్రోమాక్సు లైట్లు వేలాడేవి, బల్ల మీద తాళాలు ఉండేవి. అన్న నా కొంగు ముడి వైపు ఒకసారి చూసి, టీకి చెప్పేవాడు. అడగలేదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది, ఆయన గడ్డం తెల్లబడింది, నా ముడి విప్పలేదు. తెలియక ఎవరైనా తుపాకి తెస్తే ఆయన ముట్టుకునేవాడు కాదు. "నువ్వే వాకిట్లో నిలబడి ఎత్తి చూడప్పా, ఆకాశం కనపడుతుందా?" అని మాత్రం అడిగేవాడు. పని పోయినా ఆ మాట వదల్లేదు. మీ ఇళ్లలో తుపాకి ఉంటే ఆ మాట మీరూ వదలొద్దు.

గాజులమనిషి వచ్చిపోయిన సాయంత్రం మా ఆయన, మరిది పడసాలలో కూర్చుని ఉన్నారు. బిళ్లనూ ఉంగరాన్నీ వాళ్ల ముందు బండ మీద పెట్టి అంతా చెప్పాను. మరిది తల ఎత్తలేదు.

"ఇంగెందుకు వదినా? మనిషే పోయినాడు."

"మనిషి పోయినాడు. నువ్వు పెట్టిన చెడ్డపేరు ఈడనే ఉండాది. దాన్ని నేను కాపలా కాసినాను."

మా ఆయన కుడిచేత్తో బిళ్ల తీసుకున్నాడు. ఉంగరాన్ని ఎడమచేతిలో మిగిలిన రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఎప్పుట్నుంచి ఉండాది ఇది నీ దగ్గర?"

చెప్పాను. ఆయన బిళ్లను ఉంగరంలో వదిలాడు. అది బండ మీద పడి మరిది కాలి దగ్గరికి దొర్లింది. ఎవరూ తియ్యలేదు. మా ఆయన ఉంగరాన్ని కిందికి దించలేదు. వాకిలి వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, దాంట్లో నుంచి ఆకాశం చూస్తూ అట్లే కూర్చున్నాడు.