పల్లపు వరస తోటలు

"...పైకి జరపమంటే ఒక్క గీత జరపలేవా? పెన్సిలు నీ చేతిలోదేగా?"

"గీత జరుగుతుంది మామయ్యా. నీళ్ళు జరగవు."

ఊళ్ళోవాళ్ళకు చిన్న చిన్న తోటలు అద్దెకిచ్చే సంఘం గదిలో, అందరి ముందూ, ఎవాల్డ్ మేనకోడలి మీద గొంతు పెంచడం ఇదే మొదలు. హెల్లె బల్ల మీది నక్షాను అరచేత్తో సాపు చేసింది.

గుట్ట మీద కొత్త ఇళ్ళు రాబోతున్నాయి. ఇన్నాళ్ళూ పొలాలు తాగేసిన వాన ఇకమీదట కప్పుల మీంచి, రోడ్ల మీంచి ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని పట్టి నిలిపే నీటిగుంటకు చోటు చూపించడం హెల్లె ఉద్యోగం. గుట్ట నడుమ తవ్విద్దామంటే అడుగున ఊట. రోడ్డు కింద గొట్టం వేద్దామంటే అవతలి వాగు ఇప్పటికే పొర్లుతోంది. ఎటు తిప్పి గీసినా నీటి దారి ఈ తోటల దగ్గరికే వచ్చి ఆగింది. పల్లపు వరస మొత్తం పోవాలని తేలింది. ఎవాల్డ్ తోట అందులోదే. భార్య పోయాక, మంచు కరిగింది మొదలు మళ్ళీ పడేదాకా ఆయన కాపురం ఆ తోటలోని చెక్క ఇంట్లోనే. హెల్లె చిన్నప్పటి సెలవులన్నీ అక్కడే గడిచాయి.

"గుంటలో బాతుల్ని పెంచుకో ఎవాల్డ్, బంగాళాదుంపలకన్నా తేలిక," అన్నారెవరో వెనక నుంచి. కొందరు నవ్వారు. ఆయనా నవ్వబోయి మానుకున్నాడు.

సంఘం పెద్ద గ్రేతె కాఫీ పోస్తూ అంది: "పై వరసలో ఒక తోట ఖాళీ అవుతోంది. అది ఎవాల్డ్‌కిద్దాం. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి."

అందరి చేతులూ లేచాయి.

"దించండి," అన్నాడు ఎవాల్డ్. "తోట ఎందుకు పోయినా మళ్ళీ తోట కోసం ఎదురుచూసేవాళ్ళ క్యూ చివర్నుంచే రావాలని నియమం పెట్టించింది నేను. ఇంగెర్ ఆస్పత్రి పాలై తోట పోగొట్టుకుంటే, ఏడుస్తున్నా వినకుండా చివర నిలబెట్టింది కూడా నేనే."

"ఆ క్యూ తెమిలేసరికి నీకు తొంభై దాటతాయయ్యా," అంది గ్రేతె.

"తీసుకో మామయ్యా," అంది హెల్లె మెల్లిగా. "నా కోసం."

"నీ కోసమా? నా కోసం నువ్వు నీళ్ళనాపగలిగావా?"

హెల్లె నక్షా చుట్టడం మొదలుపెట్టింది.

ఎవాల్డ్ లేచి కుర్చీ బల్ల కిందికి నెట్టాడు.

"ఆ తోట క్యూలో ముందున్నవాళ్ళకివ్వండి. నా పేరు చివర రాసుకోండి."