చేపలింటి వరికుచ్చు

మా వీధిలో ఇప్పుడు ఏ ఇంటి చూరు చూసినా చలికాలం వచ్చేసరికి వరికుచ్చు వేలాడుతూ ఉంటుంది. రైతుల ఇళ్ళలో పొడుగాటి వరివెన్నులను జడలా అల్లి పిచ్చుకల కోసం కట్టే కుచ్చు అందరికీ తెలిసినదే. మాది అది కాదు. మాది వల. జనపనారతో చిన్న చిన్న కన్నులుగా అల్లిన వలలో కన్నుకొక వెన్ను దూర్చి, గింజలన్నీ బయటికి వచ్చేలా బిగించిన గుమ్మడికాయంత బుట్ట. ఇది తాతల నాటి ఆచారమని కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు అనుకుంటున్నారు. కాదు. ఇది మా ఇంట్లో పుట్టింది. నా కళ్ళ ముందు పుట్టింది. కొంత నా కోపం వల్ల కూడా పుట్టింది. తగ్గించి చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గోదావరి గట్టు కింద మా ఇల్లు. తాటాకు కప్పు, ముందు వసారా, వసారాలో అయ్య నులకమంచం. మా అయ్య విసురువల వేస్తే గట్టు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవారు. వల అల్లడంలో అంతకంటే గొప్పవాడు. ఆయన అల్లిన వలలో ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది ఉండేది కాదు. నేను పెళ్ళయిన రెండో ఏటికే భర్త పోయి పుట్టింటికి వస్తే, ఊళ్ళోవాళ్ళు ఏమన్నా లెక్కచేయకుండా నన్ను బాలికల పాఠశాలకు పంపినవాడు కూడా ఆయనే. అక్కడే చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పని సంపాదించాను. చేపల గంప మోసే అమ్మకు పంతులమ్మ కూతురైంది.

ఈ కుచ్చు పుట్టిన ఏడాది వరదల్లో పోలవరం వైపు నుంచి కొట్టుకొచ్చిన దుంగ ఒకటి అయ్య తుంటికి తగిలింది. ఎముక అతికింది గానీ కాలు పొట్టిదైపోయింది. పడవలో నిలబడి వల విసరడం ఇక కుదరదని తేలింది. ఆ రోజు నుంచి ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెడితే తినేవాడు, పిలిస్తే ఊఁ అనేవాడు. ఒకరోజు మా బాబాయిని పిలిపించి, పుష్య పౌర్ణమి నాడు వచ్చి వలలూ పడవా అన్నీ పట్టుకెళ్ళిపొమ్మన్నాడు. వల అల్లే వెదురు సూదితో సహా ఇచ్చేస్తానన్నాడు. అది మా తాత చేతి సూది.

బాబాయి వెళ్ళాక అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. "వలలు పోతే పోనీయే. ఆ సూది గడప దాటిందంటే మీ అయ్య మనకి ఉండడు," అంది. అమ్మ ఏడ్చే మనిషి కాదు. అప్పుడు ఏడ్చింది. పౌర్ణమికి అప్పటికి ఇంకా నెల పైచిలుకు ఉంది.

కోతలు అయిపోవస్తుండగా ముసురు పట్టింది. అయిదు రోజులు తెరిపి లేదు. రైతులు కోసిన వరిని కోసినట్టే కుప్పలు వేసి తాటాకులు కప్పేశారు. పిచ్చుకలకు పొలంలో గింజ దొరకలేదు. ఊళ్ళో చూర్ల కింద, పాఠశాల కిటికీల్లో, ఒళ్ళంతా బొచ్చు బంతుల్లా చేసుకుని కూర్చునేవి. పాఠం ఆపి పిల్లలకు వాటిని చూపించాను. ఎవరి ఇంట్లో వరికుచ్చు కట్టారని అడిగితే రైతుల పిల్లలంతా చేతులెత్తారు. ముందు వరుసలో కూర్చునే పిల్ల ఒకతె, చెడ్డపిల్ల కాదు, నోరు మాత్రం ముందు, లేచి నిలబడి అంది. "మీ ఇంట్లో కట్టినా రావండి, పంతులమ్మగారూ. మీది చేపలిల్లు కదండీ."

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వాళ్ళకది వేళాకోళంగా కాదు, తెలిసిన సంగతిగా వినిపించింది. నేను రోజూ బడికి వచ్చేముందు చేతులు కుంకుడు నురుగుతో రెండుసార్లు కడుక్కునేదాన్ని. ఆ పూట ఇంటికెళ్ళేదాకా నా చేతులు నేనే వాసన చూసుకున్నాను. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మా చూరుకి పిచ్చుకలు ఎందుకు రావో చూస్తాననుకున్నాను.

మాకు పొలం లేదు. వాన వెలిశాక అమ్మా నేనూ పరిగె ఏరడానికి వెళ్ళాం. కోసిన పనలు ఎత్తాక మడిలో రాలిపోయిన వెన్నులను ఏరుకోవడానికి రైతులు అడ్డు చెప్పరు. బురదలో వంగి వంగి నడుము విరిగింది గానీ ఒడినిండా దొరికాయి. పొయ్యి పక్కన ఆరబెట్టాను. తీరా అల్లబోతే వాటికి కాడలు లేవు. రాలిన వెన్నుకి జానెడు కాడ కూడా ఉండదు, జడ అల్లడానికి మూరెడైనా కావాలి. సరే, చిరిగిపోయిన పాత వల నుంచి తాడు లాగి, వెన్నులన్నీ చీపురులా చుట్టి, ముడుల మీద ముడులు వేసి చూరుకి కట్టేశాను.

మర్నాడు పొద్దున్న దాని కింద రెండు పిల్లులు కూర్చుని ఉన్నాయి. పైన కాకి ఒకటి తాడు పీకుతోంది. ఆ తాడు ఎన్నేళ్ళు చేపల మధ్య నానిందో నాకు తట్టనే లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే ఉన్నవాళ్ళకు అది వాసన అని ఎలా తెలుస్తుంది? పిచ్చుకకు వాసన తెలుస్తుందో లేదో నాకు తెలియదు గానీ, పిల్లి కూర్చున్న చోటికి రాకూడదని మాత్రం దానికి బాగా తెలుసు. అవి ఎదుటి ఇంటి కప్పు మీద వరుసగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి.

తాడు బూడిదతో తోమాను, ఎండలో వేశాను, మళ్ళీ కట్టాను. పిల్లులు రెండు కాస్తా మూడయ్యాయి. మూడోసారి గాలికి చీపురంతా ఊడి వాకిట్లో పడింది. అయ్యను అడగమని అమ్మ నా చెవిలో జోరీగలా పోరింది. నేను అడగలేదు. చదువుకున్న కూతుర్నన్న బింకం నాది. ఆయన చెప్పలేదు. పనికిరాని మనిషినన్న పంతం ఆయనది. మా ఇంట్లో తల వంచడం ఎవరికీ అలవాటు లేదు.

నాలుగోసారి కడుతుంటే మంచం మీద నుంచి మాట వినపడింది. నెల రోజుల్లో ఆయనంతట ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"పిచ్చుకలకు కడతన్నావా, పిల్లులకు కడతన్నావా?"

"చేతులున్నోళ్ళు ముడుచుకు పడుకుంటే చేతకానోళ్ళే కట్టాలి మరి," అన్నాను.

అమ్మ గిన్నె కింద పెట్టి అలాగే నిలబడిపోయింది. అయ్య గోడవైపు తిరిగాడు. అంత మాట ఆయన్ని అన్నవాళ్ళు ఊళ్ళో లేరు, అన్నది నేను.

పొద్దున్న నేను లేచేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంచం వాకిటివైపు తిప్పమన్నాడు. నీళ్ళు తగలని కొత్త జనపనార తెమ్మన్నాడు. అమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళి తెచ్చింది. ఆయన నారను తొడ మీద పురిపెట్టి, తలగడ కింద నుంచి తాత సూది తీశాడు. నేను ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ అప్పటికే ఆ వాసన వల్ల రెండుసార్లు పిల్లుల చేతిలో ఓడిపోయిన దాన్ని.

"ఆ సూదికి కూడా వాసన ఉంటుందయ్యా," అన్నాను.

ఆయన సూదిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఈ వాసనతోనే కదే నిన్ను పెంచాను," అన్నాడు. కోపంగా అనలేదు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నేను ఏదో అనేలోపు ఆయనే సూదిని జాగ్రత్తగా తలగడ కింద పెట్టేశాడు. "సరే. వెదురుముక్కొకటి, కత్తీ అట్టుకురా," అన్నాడు.

ఆ పూటంతా కొత్త సూది చెక్కడమే సరిపోయింది. జానెడు పొడుగు, వేలంత వెడల్పు, మధ్యలో నార చుట్టే నాలుక. అమ్మ గంప కూడా ఎత్తకుండా గుమ్మంలో కూర్చుని చూసింది. ఆ సాయంత్రం మొదలుపెట్టి రెండు రోజులు అల్లాడు. పొట్టి కాడలు ఒకదాన్నొకటి పట్టుకోలేవనీ, అవి నిలవాలంటే వల కన్ను పట్టుకోవాలనీ ఆయనే కనిపెట్టాడు. కన్నులోకి కాడ దూర్చి, మడిచి, మీద ముడి. వెన్ను బయటికి, కాడ లోపలికి. కన్నుల అంచు మీద పిచ్చుక కాలు ఆనుతుందనీ, గింజ లాగినా వెన్ను ఊడదనీ చెబుతూ అల్లాడు. నెల రోజుల మాటలన్నీ అప్పుడే చెప్పాడు. ఆ వేళ్ళు చూస్తుంటే, ఈయన కూతుర్ని కదా అని నాకు గుండె నిండింది.

కట్టడం మాత్రం నా వంతైంది. ఆయన కర్ర ఊతం లేకుండా నిలబడలేడు, అమ్మకు అందదు. నేను పీట మీద ఎక్కి వాసానికి కట్టాను. కింద నుంచి ఆయన చూసి విప్పమన్నాడు. మళ్ళీ కట్టాను. మళ్ళీ విప్పమన్నాడు. "పడవ కట్టే ముడే అది. రెండు చుట్లు తిప్పి, కింద నుంచి తీసి లాగు. బరువు పడేకొద్దీ బిగియాలి," అన్నాడు. నాలుగోసారికి ఏమీ అనలేదు. అంటే బాగున్నట్టు.

రెండు రోజులు ఒక్క పిట్ట రాలేదు. పిల్లులు పాత అలవాటు కొద్దీ వస్తూనే ఉన్నాయి. అయ్య పక్కన గులకరాళ్ళు పోగేసుకుని ఒక్కొక్కటే వాటి ముందు పడేలా విసిరేవాడు. చేపల మనిషి పిల్లుల కాపలాకు దిగాడని వీధిలోవాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. పౌర్ణమి ఇక మూడు రోజుల్లోకి వచ్చింది. అమ్మ పైకి అనకపోయినా వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం నేను చూశాను.

మూడో రోజు పొద్దున్న గోదావరి కనపడనంత మంచు. నేను బడికి బయలుదేరుతుంటే అయ్య చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. కుచ్చు మీద ఒక మగపిచ్చుక తలకిందులుగా వేలాడుతూ గింజ లాగుతోంది. లాగింది, పొట్టు ఒలిచింది, మింగింది. వెన్ను ఊడలేదు. తర్వాత రెండు వచ్చాయి, తర్వాత లెక్క తప్పింది. వాటి మధ్య లావుపాటి ముక్కున్న పిట్ట ఒకటి వచ్చి కన్నులన్నీ ముక్కుతో తట్టి చూసింది. అది గిజిగాడనీ, ఈ కాలంలో దానికి పసుపురంగు ఉండదనీ అయ్య చెప్పాడు. గూళ్ళల్లేవాడు వలలల్లేవాడి అల్లిక పరీక్షించడానికి వచ్చాడని ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది.

ఆ రోజు నేను చేసిన పని పెద్దమనుషులు చేసేది కాదు. మధ్యాహ్నం నా తరగతి పిల్లలందరినీ వరుసగా నడిపించుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. ప్రకృతి పాఠం అన్నాను. ముందు వరుస పిల్లని ముందే నిలబెట్టాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసి, తమ ఇంటి కుచ్చుకి ఇన్ని రావని నిజాయితీగా ఒప్పుకుంది. నాకు సిగ్గేసింది గానీ, సంతోషం అంతకంటే ఎక్కువ వేసింది.

పౌర్ణమి నాడు బాబాయి వచ్చాడు. చెప్పిన ప్రకారం విసురువలలు రెండూ, పెద్దవలా వసారాలోకి తెచ్చిపెట్టాం. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అయ్య ఒక్కో వలనీ చేత్తో తడిమి బాబాయి భుజాన వేశాడు. ఆఖరికి తలగడ కింద నుంచి తాత సూది తీశాడు. బాబాయి చెయ్యి చాచాడు.

"ఇది ఇవ్వనురా," అన్నాడు అయ్య. "వలలూ పడవా అట్టుకెళ్ళు. వల చిరిగినప్పుడల్లా ఇక్కడికే అట్టుకురా. వలకి ఇది, వరికి అది. నాకు రెండు సూదులు కావాలి."

అమ్మ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి తలెత్తి చూరు వైపు చూశాడు. పిచ్చుకలు ఆయన వచ్చినా కదల్లేదు. తన ఇంటికి కూడా ఇలాంటిదొకటి కావాలనీ, ఇంత పనితనం గోదావరి పొడుగునా లేదనీ అన్నాడు.

"అల్లిక నాదే," అన్నాడు అయ్య. అక్కడితో ఆగలేదు. కర్ర ఎత్తి వాసం వైపు చూపించాడు. "అది సూడు, పైముడి. మొత్తం బరువు దాని మీదే ఉంది. అది మా అమ్మాయి ఏసింది."

తర్వాత ఎంతమంది వచ్చి చూసినా, రైతులు వచ్చి అడిగి అల్లించుకున్నా, ఆయన ముందు ఆ ముడే చూపించేవాడు. మళ్ళీ మళ్ళీ విప్పించిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.