పదకొండో గుంత

1955 వేసవి. తుంగభద్ర కాలువ నీళ్లు బళ్లారి తాలూకాలో మా వైపు చేలకు ఇంకా రాలేదు. వస్తాయని మాత్రం ఊరూరా చెప్పుకుంటున్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కాలువ కిందికి రాబోయే భూములను పరీక్షించే ఆఫీసులో సాయిల్ సర్వేయర్‌ని. మోకలో బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే వచ్చే ఒక ఊరు నా వంతుకు వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. నన్ను ఎరిగినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు, వాళ్ల ముందు తలెత్తుకోలేని పని నేను చేశాను.

సాయిల్ సర్వే అంటే చేలగట్ల మీద తిరిగి రావడం కాదు. పటంలో గుర్తు పెట్టిన ప్రతిచోటా ఆరడుగుల లోతు గుంత తవ్వించాలి. దాన్ని ట్రయల్ పిట్ అంటాం. సర్వేయర్ అందులోకి స్వయంగా దిగి, మట్టి పొర ఎక్కడ మారిందో టేపుతో కొలిచి, ఒక్కో పొర నుంచి గుప్పెడు మట్టి గుడ్డసంచిలో వేసి నంబరు కట్టాలి. యాసిడ్ చుక్క వేసినప్పుడు మట్టి బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు. ఇదంతా పిట్ రిజిస్టర్‌కి ఎక్కాలి. ఏ చేనికి కాలువ నీళ్లు ఇవ్వచ్చో, ఏ చేనిని వానకే వదిలెయ్యాలో పైఅధికారులు ఆ రిజిస్టర్ చూసే తేలుస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నల్లరేగడి పైకి కనిపించినంత మంచిది కాదు. పై నాలుగడుగులు వాననీళ్లు దాచుకుని జొన్నకీ పత్తికీ పాలిచ్చినట్టు ఇస్తుంది. కొన్ని చోట్ల అడుగున ఉప్పు పడుకుని ఉంటుంది. మా సీమలో కురిసే వాన అంత లోతుకు దిగదు కాబట్టి ఆ ఉప్పు లేవదు. కాలువ పెట్టి ఏడాదిలో సగం రోజులు నీళ్లు నిలిపితే కింది నీటిమట్టం పైకి వస్తుంది, ఉప్పును వెంటబెట్టుకుని వస్తుంది. ఎండకు నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు పైన మిగులుతుంది. దాన్నే చౌడు అంటారు. నాకు ఇది తెలియక కాదు. పరీక్షలో దీని మీదే ప్రశ్న వస్తే మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

ఆ ఊళ్లో నేను తవ్వించాల్సినవి పన్నెండు గుంతలు. పదకొండోది హనుమప్ప చేలో. ఆయనకు యాభై దాటి ఉంటాయి. నాలుగెకరాల జొన్నచేను, ఎగువ మూల తియ్యనీళ్ల బావి, దాని పక్కన ఒక వేపచెట్టు. కొడుకు పోయాడు, కోడలు ఈరమ్మతో కలిసి సేద్యం చేసుకుంటున్నాడు. నేను పటం పట్టుకుని గట్టెక్కేసరికి బావి నుంచి నీళ్లు చేది చెంబు అందించాడు.

"ఆ దిగువ మూల బాగ చూడల్ల సారూ," అన్నాడు. "మా నాయన ముందు ఆడనే బాయి తవ్వబోయె. ఉప్పునీళ్లు తగిలితే పూడ్చేసి ఈడికొచ్చె."

"అన్నీ చూస్తాం పెద్దాయనా, మా పనే అది," అన్నాను.

ఆ మధ్యాహ్నం పని ముగించి బళ్లారి బస్సు అందుకోవాలని నా తొందర. సాయంత్రం ఆట సినిమాకు స్నేహితుడు టిక్కెట్ కొని పెడతానన్నాడు. ఆ సినిమా పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఎండకు రేగడి రాయిలా బిగిసి, గడ్డపార వేస్తే ఖంగుమంటోంది. కూలీలు కూడా అలిసిపోయారు.

"రేపు వస్తాను, రేపు తవ్విద్దాం," అని చెప్పి బస్సుకు పరుగెత్తాను.

మర్నాడు వెళ్లలేదు. అప్పటికి మొత్తం ఎనిమిది గుంతలే తవ్వించాను. ఎనిమిదో గుంత మట్టినే తక్కిన నాలుగు నంబర్ల సంచుల్లో నింపి, రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో పేరు. ఆ ముత్యాలతోనే రాశాను: "పిట్ నంబరు 11. ఆరడుగుల దాకా మంచి నల్లరేగడి. ఉప్పు లేదు. సాగునీటికి అనువైనది." పైఅధికారి చూసి, పని త్వరగా ముగించావని భుజం తట్టాడు. నేను నవ్వాను కూడా. సిగ్గు లేకపోతే సరి.

ఒకటి రెండేళ్లలో కాలువ పారింది. కృష్ణా జిల్లా నుంచి రైతులు వచ్చి ఎగువ భూములు కొన్నారు, ఊరి పక్కనే క్యాంపు పేరుతో కొత్త ఇళ్లు కట్టుకున్నారు. హనుమప్ప చేనికి సరిగ్గా పైన రాఘవయ్య గారనే ఆయన పదెకరాలు చదును చేసి వరి పెట్టాడు. మొదటి రెండేళ్లు అందరికీ పండగే. హనుమప్ప బావిలో నీళ్లు చేత్తో ముంచుకునేంత పైకి వచ్చాయి. ఆయన ఒకసారి ఆఫీసుకు వచ్చి, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, వేరుశనగ చట్నీ నా బల్ల మీద పెట్టాడు.

"మీరు రాసిన చేత్తో తినల్ల సారూ," అన్నాడు. తిన్నాను.

తర్వాత నన్ను వేరే తాలూకాకు వేశారు. 1963లో సూపర్‌వైజర్‌గా మళ్లీ బళ్లారి ఆఫీసుకే వచ్చాను. చేరిన నెలలోనే హనుమప్ప వచ్చాడు. ముసలివాడైపోయాడు. తలగుడ్డ విప్పి, అందులోని తెల్లటి పొడి నా బల్ల మీద పోశాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"నా చేను సారూ."

జరిగింది ఆయన వరసగా చెప్పాడు. నేను చదివిన పుస్తకం కన్నా బాగా చెప్పాడు. ముందు చేలోకి కప్పలొచ్చాయి, వాటి వెంట కొంగలొచ్చాయి. గట్ల వెంబడి తుంగ లేచింది. దిగువన బీడులో మేసే జింకలు కనిపించకుండా పోయాయి. జొన్న మోకాలెత్తున పసుపెక్కి నిలబడిపోయింది. వేప కొననుంచి ఎండుతూ వచ్చింది. వానపాములు లేవు. తుంగ కూడా చచ్చి, ఉప్పుకు ఓర్చుకునే మొక్క ఏదో అక్కడక్కడా మొలిచింది. బావినీళ్లు నోట్లో పెట్టలేకుండా ఉన్నాయి. ఒకటి మారితే దాని మీద ఆధారపడ్డ ఇంకొకటి మారుతూ, ఆరేడేళ్లలో ఒక చేను ఇంకో నేల అయిపోయింది.

"ఈరమ్మ ఇప్పుడు క్యాంపోళ్ల మడిలో నాట్లకు పోతాంది," అన్నాడు. "నా చేను గంజి పోయకపాయె. మళ్లా జొన్న పండేటట్ల ఏమన్నా చెయ్యండి సారూ. అంతే నేనడిగేది."

ఆయన పోయాక పాత పిట్ రిజిస్టర్ తెప్పించాను. పదకొండో నంబరు ఎదురుగా నా ముత్యాలు మెరుస్తూ ఉన్నాయి. అప్పుడైనా బుద్ధి వచ్చిందా? రాలేదు. "ఎగువ రైతులు అమితంగా నీరు పెట్టడమే చౌడుకు కారణం" అని నోట్ రాసి పైకి పంపడానికి సిద్ధం చేశాను. రెండోసారి చేసిన తప్పు ఇది. మొదటిదానికి వయసు అడ్డం పెట్టుకోవచ్చు. దీనికి అదీ లేదు.

ఆ నోట్‌కు స్థల తనిఖీ జరిగినట్టు ఉండాలి కాబట్టి ఊరికి వెళ్లాను. ముందు రాఘవయ్య గారి మడి దగ్గర ఆగాను. నీళ్లెక్కువ పెడుతున్నారటగా అని కాస్త గట్టిగానే అన్నాను.

"నేనేం దొంగతనంగా పెట్టలేదండీ," అన్నాడాయన నొచ్చుకుని. "కింది భూములకూ నీళ్లు పనికొస్తాయని మీ ఆఫీసు పటంలోనే ఉందిగా. అది చూసే కొన్నాం. కింద ఉప్పుందని ఒక్కమాట రాసుంటే, ఆ పెద్దాయనతో మాట్లాడుకుని మధ్యలో ఓ మురుగ్గాలవ తవ్వుకునేవాళ్లం కదండీ."

నేను గట్టు దిగి హనుమప్ప చేలోకి నడిచాను. ఆయన ఎదురొచ్చాడు. అడుగేస్తే పెళుసుగా పైపొర విరుగుతోంది. దిగువ మూలలో పాత గుంత ఒకటి సగం పూడి కనిపించింది.

"ఇది మీ నాయన వదిలేసిన బావా?" అని అడిగాను.

"కాదు సారూ, మీ గుంతే ఇది," అన్నాడు హనుమప్ప.

"నేను తవ్వించలేదే."

"రేపొస్తానంటిరి కదా. సర్కారు మనిషి వచ్చినప్పుడు గుంత తయారుగా ఉండల్లని నేనూ ఈరమ్మా రెండు దినాలు తవ్వితిమి. ఐదడుగుల కాడ సున్నపుగడ్డలు, గాజుపెంకుల మాదిరి మెరిసేటివి వచ్చె. చూపిద్దామని పక్కన పెట్టితి. మీరు రాకపోతిరి. మళ్లా వానలొచ్చేదాకా పూడ్చలేదు, మీరెప్పుడన్నా వస్తారని."

గాజుపెంకుల్లా మెరిసేది జిప్సం. కింద ఉప్పు పొర ఉంది, జాగ్రత్త అని నేల స్వయంగా చెప్పే మాట అది. నేను చెమటోడ్చి తవ్వాల్సిన గుంత నాకోసం తవ్వి పెట్టారు. వచ్చి తొంగి చూసి ఉంటే చాలు.

అప్పుడు చెప్పాను. సినిమా సంగతి, సంచుల సంగతి, రిజిస్టర్ సంగతి, బల్ల మీద ఉన్న నోట్ సంగతి, అన్నీ. ఆయన తలగుడ్డ ముడి విప్పుతూ కట్టుకుంటూ విన్నాడు.

"అంటే, ఆ దినం వచ్చింటే తెలిసేదా?"

"తెలిసేది."

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "నేను మాత్రం ఇన్నేండ్లూ నా కర్మ అనుకుంటి కదప్పా," అన్నాడు. సారూ అనే పిలుపు ఆ మాటతో పోయింది. "ఇప్పుడన్నా ఉన్నది ఉన్నట్ల రాయి."

ఆ రోజే పార అడిగి తీసుకుని, పూడిన మట్టి నేనే తోడాను. ఈరమ్మ పనినుంచి వచ్చి గట్టు మీద నిలబడి చూసింది, సాయానికి రాలేదు. నాకు మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. అడిగినా ఇవ్వడానికి ఆ బావిలో మంచినీళ్లు లేవు.

పాత నోట్ చింపేసి, నా పేరుతో, నా తప్పుతో కొత్తది రాశాను. ఇంక్రిమెంట్ ఆపారు, అది పెద్ద శిక్షేం కాదు. రెండేళ్లకు ఆ చేను పక్కన డ్రైన్, అంటే నేలలోకి దిగిన నీళ్లను లాగేసే లోతైన మురుగుకాలువ, తవ్వారు. ఉప్పు దిగడం మొదలైంది గానీ, చేరినంత తొందరగా పోదది. ఎగువ చెక్కలో కాస్త గడ్డి మొలిచింది. జొన్న మొలవక ముందే హనుమప్ప పోయాడు.

తర్వాత నా కింద ఎందరో కుర్ర సర్వేయర్లు పనిచేశారు. గుంతలోకి దిగకుండా రాయకండి అని అందరికీ చెప్పేవాణ్ణి. అందరు అధికారులూ చెప్పేదే అది. ఈ కేసు నాకు నేర్పింది ఇంకొకటి. కొత్త నోట్‌తో పాటు ఆ పాత రిజిస్టర్‌ను కూడా సరిచేయమన్నారు. పదకొండో నంబరు ఎదురుగా ఉన్న ముత్యాలను కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను. రాయడానికి ఒక్క క్షణం పట్టింది. 1955లో ఆ ఒక్క మాట రాసి ఉంటే నా స్థానంలో ఇంకెవరినో పంపేవాళ్లు. వాళ్ల కోసం గుంత సిద్ధంగానే ఉండేది.