మల్లెపాదులో తెల్ల గుడ్లు

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నాకేం పట్టింపు లేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజంతా రక్తాలూ మూత్రాలూ చూసి, ఉన్నది ఉన్నట్టు రాసివ్వడమే నా ఉద్యోగం. లేనిది కల్పించి చెప్పే ఓపిక నాకు లేదు. ఇది మా పెరట్లో, నా కళ్లముందు జరిగింది. దీపం ముందు కూర్చోబెట్టి అడిగినా ఇదే చెప్తాను.

మేం చంపాపేట్‌లో కిరాయికి ఉంటున్నాం. కింది వాటా మాది, పై వాటా ఇంటి ఓనరు సత్తమ్మ ఆంటీది. వాళ్లు ఇక్కడి పాతకాపులు. ఈ వీధి మొత్తం ఒకప్పుడు వాళ్ల జొన్నచేనట. ఆంటీ కూతురు లావణ్య కాన్పుకు వచ్చి ఉంది. అంతకుముందు రెండుసార్లు ఆ పిల్లకు కడుపు నిలవలేదు. అందుకని పైన అందరూ అడుగు తీసి అడుగు వేయడానికి కూడా భయపడేవాళ్లు. మేం కూడా టీవీ చిన్నగా పెట్టుకునేవాళ్లం.

పెరట్లో ఉన్న మల్లెపాదు నేనే చూసుకునేదాన్ని. మామిడిపళ్ల సీజన్ చివర్లో మా ఆయన బాటసింగారం పళ్ల మార్కెట్ నుంచి ఒక బస్తా వరిగడ్డి తెచ్చారు. కాయల కింద పరిచి, పని అయిపోయాక పారేసే గడ్డి. ఊరికే ఇచ్చారట. దాన్ని పాదులో మందంగా పరిచాను. దానిమీద నా సొంత తెలివి ఒకటి. పూజ చేసిన పూలు చెత్తబండిలో వేయడం నాకు మనసొప్పదు. అవన్నీ పాదులోనే వేసేదాన్ని. దిష్టికని కుంకుమ అద్ది గుమ్మానికి అటూ ఇటూ పెట్టే నిమ్మచెక్కలు ఎండిపోతే అవీ అక్కడే. నాలుగు దారులు కలిసే చోట పడేయాలంటారు కానీ, మంచి ఎరువు ఎందుకు పోగొట్టుకోవాలనిపించింది. పైగా శ్రావణమాసం... పూలకూ నిమ్మకాయలకూ కొదవేముంది.

అప్పుడే ముసురు పట్టింది. ఒక సాయంత్రం ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, ఆటో దొరక్క తడుస్తూ ఇంటికొచ్చాను. ఆంటీ పెరట్లో నిలబడి ఉంది. నన్ను చూసి, చేతిలో ఉన్న కట్టెతో గడ్డి పక్కకు తీసింది.

గుడ్లు.

తెల్లగా... సగం మట్టిలో, సగం పైకి... అక్కడక్కడ. వాటి మధ్యలో వాడిన పూలు, కుంకుమ అంటిన నా నిమ్మచెక్కలు.

"గివేంది ఉషా?"

"నాకు తెలీదాంటీ," అన్నాను. నిజంగానే తెలియదు.

"గుడ్లు, నిమ్మకాయలు, కుంకుమ. ఇంకేం గావాలె? నా బిడ్డ కడుపుతోని ఉన్నది. నా ఇంట్లనే ఉండి బాణామతి చేస్తున్నవా?"

మా వైపు చేతబడి అంటారు. ఇక్కడ ఆ మాట ఒక ఆడమనిషి మీద పడిందంటే ఇక అంతే. వీధిలో ఎవరూ ఆమె చేతి మంచినీళ్లు కూడా తాగరు.

"నిమ్మచెక్కలు నావే ఆంటీ, ఎరువుకని వేశాను. గుడ్లు మాత్రం నావి కావు. శ్రావణమాసంలో మా ఇంట్లో గుడ్డు ముట్టుకోమని మీకు తెలుసుగా."

"తినకుంటే మాయె. బొంద వెట్టుటానికి తినాల్నా ఏంది?" అని, కట్టె కింద పడేసింది. "పొద్దుగాల మా మరిదిని, బస్తీ పెద్దమనుషులను పిలుస్త. ఆళ్ల ముంగటనే తేల్చుకుందాం."

మా ఆయన ఊళ్లో లేరు. ఫోన్ చేస్తే, "ఏం కాదులే, పొద్దున్నే బయల్దేరతాను" అన్నారు. ఏం కాకపోవడం ఎలాగో చెప్పలేదు. ఫోటోలు తీసి మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కాసేపటికి ఒకావిడ జవాబిచ్చింది. అవి గుడ్లు కావట, పుట్టగొడుగులట. కుళ్లిన గడ్డిలో వానకు వస్తాయట. నొక్కితే మెత్తగా ఉంటాయి, అడుగున తెల్లటి వేరులాంటి తాడు ఉంటుంది, కోస్తే లోపల జిగురు ఉంటుంది. తెల్లవారుజామున పగిలి, కాడ పైకి లేచి, చుట్టూ వల కడుతుంది. కుళ్లు కంపు కొడుతుంది. తినొద్దు, భయపడొద్దు అని రాసింది.

ఆ మెసేజ్ పట్టుకుని పైకెళ్లి ఆంటీకి చదివి వినిపించాను. ఆంటీ ముఖం తిప్పుకుంది. లోపల్నుంచి లావణ్యే నెమ్మదిగా వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మా, అక్క గట్ల జేసే మనిషి గాదు. ఒక్కసారి చూస్తే ఏం బోతది?"

ఆంటీ కూతుర్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత, "సరే. పగులుతయంటున్నవు గదా. నా కండ్లతోని చూస్త. పగలకపోతే మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యాలె. ఎందుకు చేస్తున్నవో బస్తీల అందరికీ చెప్త," అంది.

అలా తెల్లవారకముందే ఇద్దరం పెరట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. వాన ఆగింది. సన్‌షేడ్ మీంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. దూరంగా హైవే మీద లారీల చప్పుడు... టార్చి ఆంటీ చేతిలో ఉంది. నా చేతిలో వంటింటి చాకు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. దోమలు పీక్కు తిన్నాయి.

అప్పుడు వినిపించింది.

చిట్...

మళ్లీ... చిట్... చిట్...

ఎండిన ఆకుల మీద ఎవరో గోటితో గీరుతున్నట్టు. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. టార్చి వెలుగులో ఒక గుడ్డు నెత్తిన సన్నని చీలిక... అది మెల్లగా వెడల్పు అవుతోంది. లోపల్నుంచి ఏదో నల్లపచ్చగా, తడితడిగా తల బయటపెట్టింది. కింద తెల్లటి కాడ. చూస్తుండగానే లేస్తోంది. మొక్క పెరగడం కంటితో చూడలేం కదా... ఇది కనిపిస్తోంది. కాస్త ఆగి... కాస్త లేచి... ఆ తల కింద నుంచి తెల్లటి వల ఒకటి దిగడం మొదలుపెట్టింది. చుట్టూ పరుచుకుంటూ నేలదాకా వచ్చింది.

వాసన కూడా వచ్చింది. చచ్చిన ఎలుక వాసన.

"అయ్యో... జాలీ కట్టినట్టున్నది," అంది ఆంటీ. గొంతులో కోపం లేదు. కాసేపటికి నా చెయ్యి వదిలింది. "గిసుంటిది నేను పుట్టి చూడలే."

నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషం వేసింది. అక్కడితో ఆపేసి లోపలికి పోతే బాగుండేది. కానీ ల్యాబ్ బుద్ధి ఎక్కడికి పోతుంది? అన్నీ చూపించి ఒక్క అనుమానం కూడా మిగల్చకూడదనుకున్నాను. పాదు ముందు కూర్చుని ఒక్కోదాన్నీ నొక్కి చూపించాను. మెత్తగా, తోలు బంతిలా ఉన్నాయి. పీకితే అడుగున తెల్ల తాడు. కోస్తే జిగురు. "చూశారా ఆంటీ?" "ఆ... చూసిన." ఇంకోటి. "చూసిన తీయ్."

గోడవారగా, గడ్డి కింద ఆఖరిది ఉంది.

నొక్కాను.

గట్టిగా ఉంది.

ఇంకోసారి నొక్కాను. వేలికి గరుకుగా తగిలింది... పెంకు. కింద చెయ్యి పెట్టి ఎత్తాను. తాడు లేదు, వేరు లేదు. ఊరికే చేతిలోకి వచ్చేసింది. కోడిగుడ్డు. వెడల్పు వైపున కాటుకతో పెట్టిన చుక్క. వెచ్చగా ఉంది... ఆ వాన తడిలో, ఆ మట్టిలో... వెచ్చగా.

అప్పుడు మళ్లీ... చిట్.

పుట్టగొడుగు లేవడం ఎప్పుడో అయిపోయింది. మిగతావన్నీ ముక్కలై నా పక్కనే పడి ఉన్నాయి. చిట్... అరచేతిలో చిన్న అదురు. చప్పుడు నా చేతిలోంచి వస్తోంది.

అరవలేదు. అరిస్తే నా బతుకు ఏమవుతుందో నాకు ఆ క్షణంలోనే తెలుసు. గుడ్డు, కాటుక, నా చెయ్యి... ఇంక ఏ వాట్సాప్ గ్రూపూ నన్ను కాపాడదు. దాన్ని చున్నీలోకి జార్చి లేచి నిలబడ్డాను.

"అయిపోయినయా?" అంది ఆంటీ.

"అయిపోయాయి ఆంటీ."

"మంచిది. పోయి పండుకో." అంతే. టార్చి ఆర్పేసి మెట్లెక్కింది.

తెల్లారేదాకా ఆ గుడ్డు మా బాత్రూంలో, బోర్లించిన బకెట్ కింద ఉంది. నేను తలుపు బయట కూర్చున్నాను. లోపల్నుంచి చప్పుడు వచ్చిందో, నా చెవులే చేశాయో చెప్పలేను. పొద్దున పేపర్లో చుట్టి బ్యాగులో వేసుకుని బయల్దేరి, దారిలో మురుగు నాలాలో పడేశాను. పగలగొట్టి చూడాల్సింది కదా అంటారు మీరు. నా చోట మీరుంటే పగలగొట్టేవారేమో. నాకు ధైర్యం చాలలేదు.

తర్వాత చాలా ఆలోచించాను. కుళ్లే గడ్డికి వేడి ఉంటుంది, వెచ్చదనం దానిదే కావచ్చు. పందికొక్కు ఏ వంటింట్లోంచో గుడ్డు ఎత్తుకొచ్చి దాచి ఉండొచ్చు. కానీ పందికొక్కు కాటుక పెట్టదు. ఇక్కడ కొందరు గుడ్డుతో దిష్టి తీస్తారు. పైన లావణ్యకు డాక్టర్ రోజూ గుడ్డు తినమంది, కాబట్టి ఆ ఇంట్లో గుడ్లు ఎప్పుడూ ఉంటాయి. కూతురికి దిష్టి తీసి ఆంటీయే అక్కడ పెట్టిందనుకుంటే, మరి నామీద అంత అరిచిందెందుకు? ఆమె కాకపోతే ఇంకెవరు? గేటుకు తాళం మేమే వేస్తాం, బయటివాళ్లు లోపలికి రాలేరు. ఇక ఆ చప్పుడు సంగతి... దాన్ని ఏ గడ్డి వేడికీ అంటగట్టలేను.

లావణ్యకు బాబు పుట్టాడు. తల్లీబిడ్డా బాగున్నారు. మరిదినీ పెద్దమనుషులనూ పిలవనే లేదు. ఇప్పుడు వీధిలో ఎవరు కనిపించినా ఆంటీ ఆ పుట్టగొడుగు కథ చెప్పి, "మా ఉషకు అన్నీ ఎరుకే" అంటుంది. నాకు చాలా మంచి పేరొచ్చింది.

కానీ నేను ఆ గుడ్డు ఎత్తినప్పుడు ఆంటీ చేతిలోని టార్చి వెలుగు సరిగ్గా నా చేతి మీద ఉంది. కాటుక చుక్క నాకు కనిపించిందంటే ఆ వెలుగు వల్లే.

మొన్న బాబును చూడ్డానికి పైకెళ్లాను. ఆంటీ వాణ్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నీ చేతికిస్తే నాకు రంధి లేదు ఉషా," అంది. "నీ చేతిల ఏదున్నా బయటికి రానియ్యవు."

ఆమె నవ్వలేదు. బాబు తల సర్ది, పాలు కాచాలని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రే మా ఆయనతో ఇంకో ఇల్లు చూసుకుందామన్నాను. ఎందుకని అడిగారు. ఇక్కడ నీళ్లు సరిగ్గా రావడం లేదని చెప్పాను.